తిరిగి వచ్చిన సమయం

నా బల్ల మీద గీతలు గీసిన పుస్తకం ఒకటి.
పేరు, ఊరు, జీపు నంబరు, వెళ్ళిన సమయం,
తిరిగి వచ్చిన సమయం.
చివర ఒక వెడల్పాటి గడి: చూసినవి.
కోసీ నది మలుపులో ఈ గేటు దగ్గర
పదహారు చలికాలాలుగా ఆ గడులు నింపిస్తున్నాను.
వానల్లో గేటు మూస్తాం. అప్పుడు పుస్తకానికి బూజు పడుతుంది,
నాకూ కొంచెం.

పొద్దున ఆరింటికి పొగమంచులోంచి ముందు దగ్గులు వస్తాయి,
తర్వాత మనుషులు.
రాణీఖేత్ నుంచి దిగినవాళ్ళు స్వెట్టర్ మీద స్వెట్టర్‌తో,
నైనీతాల్ ఎక్కబోయేవాళ్ళు వాంతుల మాత్రలు జేబులో వేసుకుని.
అందరిదీ ఒకటే ప్రశ్న: "ఈరోజు కనిపిస్తుందా?"
ఏది అని ఎవరూ చెప్పరు. నేనూ అడగను.
దాని పేరు పలకడానికి మా అమ్మ కూడా జంకేది.
వీళ్ళది భయం కాదు, తొందర.

సాయంత్రం దుమ్ము కొట్టుకుని వస్తారు,
కనుబొమలు తెల్లబడి, ఒక్క పూటలో ముసలివాళ్ళై.
చివరి గడి దగ్గర పెన్ను కొరుకుతారు.
కాన్పూరు వకీలు ఒకాయన రాశాడు:
"పాదముద్ర. తాజాది. డబ్బు వాపసు ఇవ్వాలి."
కొత్త పెళ్ళికూతురు ఒకావిడ: "నెమలి, నెమలి, మా అత్తగారు, నెమలి."
ఏడేళ్ళ పిల్ల మాత్రం
ఏనుగు పేడలో మొలిచిన గడ్డిపరక బొమ్మ వేసింది.
ఆ పేజీ మూల మడిచి పెట్టుకున్నాను.

హరులీ పేరు ఏ పేజీలోనూ లేదు.
గేటు పక్క కంచె కింద నుంచి వంగి వెళుతుంది,
నడుముకి కొడవలి, భుజాన తాడు,
కొంగు చివర రాగిరొట్టె, భాంగ్ గింజలతో నూరిన ఉప్పు.
ఒకసారి నా బల్ల ముందు ఆగింది.
"నన్నూ రాయి ఖీమానంద్. నేనూ రోజూ వెళ్తున్నాగా."
"ఇది టికెట్టు కొన్నవాళ్ళకి వదినా."
"అది మాత్రం ఏ టికెట్టు కొంది?" అని
నవ్వుకుంటూ వంగింది.

పుష్యమాసం. జీపులన్నీ వచ్చేశాయి,
పద్నాలుగుకి పద్నాలుగు.
గీత కొట్టి సంతకం పెట్టాను.
స్టవ్ వెలిగించాక తోచింది:
కంచె కింద నుంచి ఇంకా ఎవరూ వంగి రాలేదు.
సాల చెట్ల వెనక కణుజు అరిచింది.
ఆగి, మళ్ళీ అరిచింది.
కొండముచ్చులు అందుకున్నాయి.
నా పుస్తకం ప్రకారం లోపల ఎవరూ లేరు.
ఎవరూ లేని అడవికేసి చూస్తూ
గేటు పట్టుకుని నిలబడ్డాను.
ఇనుములోని చలి మోచేతుల దాకా పాకింది.

ముందు గడ్డిమోపు కనబడింది, దాని కింద ఆమె.
మోపు దించి నీళ్ళడిగింది.
తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చుంది.
"వాగులో దోసిలి ముంచాను.
అవతలి ఒడ్డున అదీ తలొంచింది.
నా దోసిట్లో నీళ్ళు కారిపోయాయి,
అది మాత్రం కడుపారా తాగింది.
నాలుక చప్పుడు అచ్చం మా గేదెదే.
తర్వాత నన్ను చూసింది. చూసిందంటే,
రోడ్డు పక్క మైలురాయిని నువ్వు చూస్తావే, అట్లా.
వెళ్ళిపోయింది."

సంతకం కింద ఇంకో గీత గీశాను.
హరులీ దేవి. ఊరు: ఇదే.
జీపు నంబరు దగ్గర కాసేపు ఆగి "కాళ్ళు" అని రాశాను.
వెళ్ళిన సమయం ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు.
తిరిగి వచ్చిన సమయం: ఆరూ పది.
ఆ అంకెలు వేస్తుంటే చెయ్యి వణికింది,
చలికే అనుకోండి.
చివరి గడి ఖాళీగా వదిలెయ్యమంది.
"రాశావంటే రేపు పద్నాలుగు జీపులూ
నా వాగు మీదే ఉంటాయి."

మోపు ఎత్తుకోబోతూ నడుము తడుముకుంది.
"అయ్యో" అంది.
మళ్ళీ పుస్తకం వైపు చూసింది.
"ఇంకో వరస రాయి.
కొడవలి, ఒకటి.
లోపలే ఉంది."